లైనక్స్‌లో సొంత ఫైళ్లకు బ్యాకప్ ఎలా తీయాలి?

ఫైళ్లను అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి బ్యాకప్ అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. డిస్క్ పోయిన రోజు రెండూ పోతాయి. బ్యాకప్ వేరే డ్రైవ్‌లోనే ఉండాలి.

ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ (rsync) ఉంటే చాలు. 1996 నుంచి ఉన్న ప్రోగ్రాం ఇది. మీ సిస్టమ్‌లో లేకపోతే ప్యాకేజీ మేనేజర్‌తో వేసుకోండి. డ్రైవ్‌ను లైనక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే చూసుకోండి. ఫ్యాట్32 అయితే వద్దు. 4 జీబీ ఫైల్ కూడా పట్టదు, ఏ ఫైల్‌ను ఎవరు తెరవొచ్చో చెప్పే పర్మిషన్లు నిలవవు.

మీ ఫైళ్లన్నీ ఉండే హోమ్ ఫోల్డర్ మొత్తం తీయండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం ఏరుకుంటే పేరు చుక్కతో మొదలయ్యే దాచిన ఫైళ్లు మిగిలిపోతాయి. బ్రౌజర్ సెట్టింగ్‌లు, వేరే కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు సాధారణంగా అక్కడే ఉంటాయి. ప్రోగ్రాంలు తాత్కాలికంగా వాడుకునే క్యాష్ ఫోల్డర్ ఒక్కటి వదిలేయొచ్చు.

టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాం ఉంది కదా, ఇదంతా ఎందుకు అంటారు. అది సిస్టమ్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి. మనం సెట్టింగ్ మార్చకపోతే హోమ్‌లోని ఫైళ్ల జోలికే పోదు. జిప్ చేసి పెట్టుకునే పద్ధతీ నాకు నచ్చదు. ఒక్క ఫొటో మారినా మొత్తం మళ్లీ చుట్టాలి. ఆర్‌సింక్ మారినవాటినే పంపుతుంది, ఫైళ్లు మామూలు ఫైళ్లుగానే ఉంటాయి.

ఇక కమాండ్. ముందు ఆప్షన్లు: పర్మిషన్లతో సహా కాపీ చేసే ఆర్కైవ్, ఏం చేస్తోందో చూపించే వెర్బోస్. తర్వాత ఎక్కడినుంచి (మూలం), చివర ఎక్కడికి (గమ్యం). పనులు చెడేది ఇక్కడే, నిదానంగా చదవండి.

మూలం చివర స్లాష్ (/) పెడితే ఫోల్డర్‌లోపల ఉన్నవి వెళ్తాయి. పెట్టకపోతే ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది. ఒకసారి అలా, ఒకసారి ఇలా చేస్తే డ్రైవ్‌లో రెండు కాపీలు తయారవుతాయి. దానికి, మూలంలో లేనివాటిని గమ్యంలో తుడిచేసే డిలీట్ ఆప్షన్ కూడా తోడైతే ఇంకా ప్రమాదం. నిన్న స్లాష్ లేకుండా తీసి, ఇవాళ స్లాష్‌తో డిలీట్ ఇచ్చారనుకోండి, నిన్నటి ఫోల్డర్ మూలంలో లేదని ఆర్‌సింక్ దాన్ని తుడిచేస్తుంది. మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డ్రైవ్‌ను చూసి మీ హోమ్‌నే ఖాళీ చేస్తుంది. రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు.

అందుకే ప్రతిసారీ ముందు డ్రై రన్ ఆప్షన్‌తో నడపండి. ఏ ఫైలూ కదలదు, ఏం జరగబోతోందో మాత్రం స్క్రీన్ మీద వస్తుంది. ‘డిలీటింగ్’ అని మొదలయ్యే లైన్లు చదవండి. మీరు తీసేయని ఫైల్ పేరు ఒక్కటి కనిపించినా ఆగిపోండి. డ్రైవ్ మౌంట్ అయిందో (అంటే సిస్టమ్‌కు ఒక ఫోల్డర్‌గా అందిందో) లేదో కూడా అప్పుడే చూడండి. మౌంట్ కాకుండా ఖాళీ మౌంట్ ఫోల్డర్ మాత్రమే ఉంటే, కాపీ అంతా చప్పుడు లేకుండా కంప్యూటర్ డిస్క్‌లోకే పోతుంది. అంతా సరిగ్గా ఉంటే అదే కమాండ్‌ను డ్రై రన్ తీసేసి నడపండి. డిలీట్ రోజూ వాడకండి, పొరపాటున చెరిపిన ఫైల్ బ్యాకప్‌లోనూ చెరిగిపోతుంది.

పని అయ్యాక అన్‌మౌంట్ చేసి డ్రైవ్ పీకేయండి. అప్పుడప్పుడూ దాన్ని మళ్లీ పెట్టి, నాలుగైదు ఫైళ్లు వేరే ఫోల్డర్‌లోకి తెచ్చుకుని తెరిచి చూడండి.