మీ పత్రిక యజమాని ఎవరో కనిపెట్టడం ఎలా

పేపరు చేతికి రాగానే అందరూ మొదటి పేజీ చూస్తారు. దాని యజమాని ఎవరో తెలియాలంటే చివరి పేజీ అడుగుకు వెళ్లాలి. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో రెండు మూడు వరుసలు ఉంటాయి. నలభై దాటినవారు కళ్లజోడు పెట్టుకోవాల్సిందే.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర నేను పత్రికల ఏజెంటును. తెల్లవారకముందే కట్టలు విప్పి, జిల్లా అనుబంధాన్ని ప్రధాన సంచికలో దూర్చి కుర్రాళ్లకు అప్పగించడం నా పని. నా దగ్గర పేపరు వేయించుకునే ఒక రిటైర్డ్ మాస్టారు, “మన పత్రికలను విదేశాలవాళ్లు కొనేస్తున్నారట, నిజమేనా బాబూ?” అని అడిగారు. ఆయనకు చూపించిన పద్ధతే ఇది.

ఆ చిన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, అచ్చయిన చోటు ఉంటాయి. ఎవరి తరఫున ప్రచురించారో ఆ కంపెనీ పేరు కాగితం మీద రాసుకోండి. మనకు కావలసింది అదే. పత్రిక పేరూ కంపెనీ పేరూ ఒకటే కానక్కరలేదు. ఈనాడు వెనుక ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్, సాక్షి వెనుక జగతి పబ్లికేషన్స్, ఆంధ్రజ్యోతి వెనుక ఆమోద పబ్లికేషన్స్ ఉన్నాయి. సంపాదకుడి పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే, వార్తల ఎంపికకు చట్టప్రకారం ఆయన బాధ్యుడని అర్థం. కేసు పడితే కోర్టుకు వెళ్లేది ఆయన. లాభం వెళ్లేది వేరేచోటికి.

తర్వాత పాత మార్చి నెల పత్రికలు తిరగేయండి. 1867 నాటి పత్రికల నమోదు చట్టం అమల్లో ఉన్నంతకాలం, ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ అనే ప్రకటన వేయాలి. యజమానుల పేర్లతోపాటు మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లూ అందులో ఉండాలి. 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కనుక అంతకు ముందరి సంచికలు చూడండి. నా దగ్గర దొరకవు. మిగిలిన ప్రతులు కిలోల లెక్కన పకోడీల బండ్లకు పోతాయి. గ్రంథాలయంలో అడగండి.

అసలు పని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఉంది. కంపెనీ పేరు కొడితే ఇరవై ఒక్క అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య వస్తుంది. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ, యు అయితే లేనిది. ఆ తర్వాత వ్యాపార రంగానికి ఐదు అంకెలు, రాష్ట్రానికి రెండు అక్షరాలు, కంపెనీ పుట్టిన సంవత్సరానికి నాలుగు అంకెలు. వాటి వెనుక వచ్చే మూడు అక్షరాల దగ్గర ఆగండి. పీటీసీ అంటే ప్రైవేటు, పీఎల్‌సీ అంటే పబ్లిక్, ఎఫ్‌టీసీ అంటే విదేశీ కంపెనీకి అనుబంధ సంస్థ. పత్రిక కంపెనీ సంఖ్యలోనే ఎఫ్‌టీసీ దొరుకుతుందని ఆశపడకండి. రుసుము కట్టి వార్షిక రిటర్ను తెరిచి, అందులో వాటాదారులుగా ఉన్న కంపెనీల సంఖ్యలను ఇలాగే విడదీసి చూడాలి. దారం అక్కడ దొరుకుతుంది. మార్కెట్లో ఉన్న కంపెనీలైతే మూడు నెలలకొకసారి ఎక్స్‌ఛేంజీల వెబ్‌సైట్లలో వాటాల పట్టిక పెడతాయి. పైన చెప్పిన మూడూ మార్కెట్లో లేనివే.

ఇక మాస్టారి ప్రశ్న. విదేశీయుల పత్రికలు ఇక్కడ వద్దని 1955లో నెహ్రూ మంత్రివర్గం తీర్మానించింది. 2002లో వాజపేయి ప్రభుత్వం వార్తాపత్రికల్లో 26 శాతం దాకా విదేశీ పెట్టుబడికి తలుపు తెరిచింది. డైరెక్టర్లలో నాలుగింట మూడొంతులు, కీలక సంపాదక పదవుల్లో అందరూ ఇక్కడ ఉండే భారతీయులే కావాలని షరతు పెట్టింది. వార్తా చానళ్లకు పరిమితి 2015లో 49 శాతానికి పెరిగినా పత్రికలకు 26 దగ్గరే ఉంది. ఆ మేరకు డబ్బు వచ్చింది కూడా. 2005లో ఐర్లాండ్ సంస్థ ఒకటి హిందీ పత్రిక జాగరణ్ కంపెనీలో వాటా కొంది. 2007లో అమెరికాకు చెందిన పెట్టుబడి సంస్థ బ్లాక్‌స్టోన్ ఉషోదయాలో వాటాకు బేరం పెట్టింది కానీ అది పూర్తికాలేదు.

పరిమితి లేనిచోట ఏమవుతుందో బ్రిటన్ చూసింది. ఆస్ట్రేలియాలో పుట్టిన రూపర్ట్ మర్డోక్ అక్కడి పత్రికలైన ది సన్‌ను 1969లో, ది టైమ్స్‌ను 1981లో కొన్నారు. 1985లో అమెరికా పౌరుడయ్యారు. ఐరోపా విధానం మార్చుకోకపోతే తన పత్రికలు మద్దతివ్వలేవని 1997 ఎన్నికలకు ముందు మర్డోక్ తనతో అన్నారని, అప్పటి ప్రధాని జాన్ మేజర్ 2012లో, పత్రికల తీరుపై జరిగిన లెవిసన్ విచారణలో ప్రమాణం చేసి చెప్పారు. తాను ఏ ప్రధానినీ ఏదీ కోరలేదని మర్డోక్ అదే విచారణలో అన్నారు. 1997 మార్చిలో ది సన్ ప్రతిపక్ష నేత టోనీ బ్లెయిర్ పక్షం చేరిన మాట మాత్రం అందరికీ కనిపించింది. అబుదాబి డబ్బు బ్రిటన్ పత్రిక టెలిగ్రాఫ్ దాకా వచ్చాక, విదేశీ ప్రభుత్వాల చేతికి పత్రికలు చిక్కకుండా 2024లో అక్కడ చట్టం చేశారు.

నా మటుకు పాస్‌పోర్టు కన్నా అవసరం ముఖ్యం. యజమానికి ప్రభుత్వంతో ఏం పని ఉంది? భూమా, లైసెన్సా, ప్రకటనలా, బ్యాంకు అప్పా? అప్పులకు పెట్టిన తాకట్లు కూడా పైన చెప్పిన వెబ్‌సైటులోనే కనిపిస్తాయి. ఆ యజమానికి పని పడిన అంశం ఏదో ఒకటి ఎంచుకుని, అదే రోజు మూడు నాలుగు పత్రికల్లో ఆ వార్త పక్కపక్కన పెట్టండి. ఏది ఏ పేజీలో వచ్చింది, ఎదుటి పక్షం మాట ఎన్ని వాక్యాలకు కుదించారు, అసలు ఏ పత్రికలో రాలేదు అని చూడండి. రాయనిదే ఎక్కువ చెబుతుంది. పూర్తి పేజీ ప్రభుత్వ ప్రకటన వచ్చిన మర్నాడు మరీ బాగా తేలుతుంది.

దీనికి నాలుగు పత్రికలూ కొననక్కరలేదు. ఏజెంటును కనుక నేను ఈ మాట అనకూడదు గానీ, ఊళ్లో గ్రంథాలయం ఉండనే ఉంది.