యాప్‌లో కంపెనీ పేరు కాదు, మందు పేరు కొట్టండి

శ్రీకాకుళం డాక్టరు రాసిన బీపీ మాత్ర మా పర్లాకిమిడిలో అదే కంపెనీది దొరకదు, మందుల యాప్‌లో ఆ పేరు కొడితేనేమో అలాంటి పేర్లే పది వస్తాయి. అందుకే అమ్మ మాత్రల స్ట్రిప్ కొత్తగా తెరిచినప్పుడే వెనక వైపు ఫోటో తీసి పెడుతున్నా (సగం వాడాక పేరున్న ముక్కే చిరిగిపోతుంది, ఎప్పుడూ అంతే). చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, మోతాదు కలిపి కొట్టాలి, టెల్మిసార్టాన్ 40 ఎంజీ, ఇలా. జనౌషధి (ప్రభుత్వ చవక మందుల షాపులు) వాళ్ల సుగమ్ యాప్‌లో అయితే ధర, దగ్గర్లోని జనౌషధి కేంద్రం రెండూ కనిపిస్తాయి. రెండు మూడు మందులు కలిసిన మాత్రలకీ, పేరు చివర ఎస్ఆర్, ఈఆర్ అని ఉన్నవాటికీ (మందు ఒంట్లోకి నెమ్మదిగా వదిలే రకాలు) మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, ఎంజీ ఒకటే ఉన్నా మాత్ర వేరు కావచ్చు. డాక్టరుకి ఫోటో పంపి అడిగాకే మార్చండి.