అమెరికాలో మొదటి కెరీర్ ఫెయిర్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

"వచ్చి మూడు వారాలే కదా అక్కా, ఇంకా ఇంట్లోకి మంచాలు కూడా కొనుక్కోలేదు, కెరీర్ ఫెయిర్ సంగతి వచ్చే సెమిస్టర్ చూద్దాంలే" అని మా జూనియర్ ఒకమ్మాయి సెప్టెంబర్‌లో ఫోన్ చేసి చెప్పింది. వద్దు, రేపే వెళ్లమని గట్టిగా చెప్పాను. కెరీర్ ఫెయిర్ అంటే కంపెనీలు యూనివర్సిటీకి వచ్చి, ఉద్యోగాలకీ ఇంటర్న్‌షిప్‌లకీ విద్యార్థుల్ని కలిసే రోజు. ఎందుకంటే పెద్ద కంపెనీలు చాలావరకు వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి ఈ సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే మనుషుల్ని చూసుకుంటాయి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) రావాలంటే మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తిగా చదివి ఉండాలి, ఆగస్టులో చేరినవాళ్లకి అది మే నెలకి పూర్తవుతుంది. రెండేళ్ల ఎమ్మెస్‌లో మధ్యలో వచ్చే వేసవి ఒక్కటే. ఆ ఒక్క వేసవి కోసం మాట్లాడుకునేది ఈ మొదటి ఫెయిర్‌లోనే.

మన ఇంజినీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్స్ అలవాటుతో వెళ్తే ఇక్కడ అయోమయంగా ఉంటుంది. అక్కడ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ పిలిస్తే వెళ్లి పరీక్ష రాస్తాం, సాయంత్రానికి లిస్టు పెడతారు. ఇక్కడ ఒక పెద్ద హాల్లో వంద బూత్‌లు ఉంటాయి, మిమ్మల్ని ఎవరూ పిలవరు, ఆ రోజు ఎవరికీ ఆఫర్ చేతికి రాదు. ఆ హాల్లోంచి మీరు తెచ్చుకోవాల్సింది ఒక మనిషి పేరు, ఆ మనిషి మీతో అన్న ఒక మాట, తర్వాత ఏం చేయాలో ఒక దారి. అలాంటివి మూడు దొరికినా ఆ రోజు బాగా గడిచినట్టే.

రెజ్యూమె ఒక్క పేజీ. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, ఫొటో, కింద "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే డిక్లరేషన్, ఇవన్నీ తీసేయండి, ఇక్కడ ఎవరూ పెట్టరు. పదో తరగతి మార్కులు కూడా అక్కర్లేదు. ప్రాజెక్టుల్లో మాత్రం మీరు స్వయంగా ఏం చేశారో రాయండి, టీమ్ ఏం చేసిందో కాదు. ఇంకో మాట, దీని గురించి నాకు చాలా బాధ ఉంది: చేయని ఉద్యోగాన్ని మూడేళ్ల అనుభవంగా రాసుకోమని చెప్పేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు, మనవాళ్లే చెప్తారు. వినకండి. రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది, బయటపడకపోయినా ఆ అబద్ధం మీ వీసా కాగితాల దాకా వెంట వస్తుంది.

ఫెయిర్‌కి వారం ముందే హ్యాండ్‌షేక్ అనే ఉద్యోగాల యాప్‌లోనో, మీ యూనివర్సిటీ వాడే ఇంకో యాప్‌లోనో కంపెనీల లిస్టు పెడతారు. దాంట్లో ముందుగా అమెరికా పౌరుల్నే తీసుకునేవాటిని పక్కన పెట్టేయండి. రక్షణ రంగ కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి, వాటి ముందు లైన్లో నిలబడితే టైమ్ వృథా. మిగిలినవాటిలో ఒక పది ఎంచుకుని, ఒక్కోదానికి పదిహేను నిమిషాలు పెట్టి వాళ్లు ఏం తయారుచేస్తారో, ఇప్పుడు ఏ ఉద్యోగాలు తెరిచి ఉన్నాయో చదవండి. అందరికీ తెలిసిన పేర్లు రెండు చాలు. నా మొదటి ఫెయిర్‌లో ఒక పెద్ద పేరున్న కంపెనీ లైన్లో యాభై నిమిషాలు నిలబడ్డాను, నా వంతు వచ్చాక రిక్రూటర్ నా కాగితం చూడకుండానే క్యూఆర్ కోడ్ చూపించి ఆన్‌లైన్‌లో అప్లై చేయమంది. అదే హాల్లో ఓ మూలన బీమా సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ బూత్ దగ్గర ఇద్దరంటే ఇద్దరే ఉన్నారు. అక్కడ నిలబడ్డది ఇంజినీరింగ్ మేనేజర్, నాతో పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. నా ఇంటర్న్‌షిప్ అక్కడే వచ్చింది.

రూమ్మేట్స్ అంతా కలిసి హాలు దాకా వెళ్లండి, లోపల విడిపోండి. నలుగురు కలిసి బూత్ దగ్గరికి వస్తే రిక్రూటర్‌కి ఒక్కరూ గుర్తుండరు. ఇది నేను ఇప్పుడు అవతలి వైపు నుంచి చూసి చెప్తున్న మాట. రెండేళ్లుగా మా కంపెనీ తరఫున బూత్‌లో నిలబడుతున్నాను. ఒక్కో రెజ్యూమె వెనక పెన్నుతో రెండు ముక్కలు రాసుకుంటాను, ఆ రెండు ముక్కలే సాయంత్రం నాకు ఆ మనిషిని గుర్తుచేస్తాయి. "పైథాన్, జావా, ఎస్‌క్యూఎల్ వచ్చు, ఏ రోల్ అయినా పర్వాలేదు" అన్నవాళ్ల కాగితం వెనక రాసుకోవడానికి ఏమీ దొరకదు. ఒకబ్బాయి వచ్చి, బీటెక్‌లో వాళ్ల ఊరి పాల కేంద్రానికి లెక్కల యాప్ చేశాననీ, కరెంటు పోయినప్పుడు డేటా పోతుంటే ఫోన్‌లోనే దాచి తర్వాత పంపేలా మార్చాననీ చెప్పాడు. "పాలు, ఆఫ్‌లైన్ సింక్" అని రాసుకున్నాను. ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మాట్లాడేది ముప్పై, నలభై సెకన్లే: పేరు, ఏం చదువుతున్నారు, చేసిన ఒక పని, వాళ్ల దగ్గర ఏ ఉద్యోగం కోసం వచ్చారు. యాస గురించి బెంగ వద్దు. టెన్షన్‌లో మనం వేగంగా మాట్లాడతాం, అర్థం కానిది ఆ వేగం వల్లే, కాబట్టి కాస్త నెమ్మదించండి. పేరు పొడుగ్గా ఉంటే పిలవడానికి వీలుగా ఏది చెప్పాలో ముందే అనుకోండి, ఇంటిపేరు మొదట చెప్తే వాళ్లు దాంతోనే పిలుస్తారు. సర్, మేడమ్ అక్కర్లేదు, వాళ్ల పేరు పెట్టి పలకరించడం ఇక్కడ మర్యాదే. మొదటి బూత్‌గా మీకు అంతగా ఆశ లేని కంపెనీని పెట్టుకోండి, గొంతు సర్దుకుంటుంది. చివరి అరగంటలో అందరూ సర్దుకుంటూ ఉంటారు, అందుకే తలుపులు తెరిచే టైమ్‌కే వెళ్లండి.

స్పాన్సర్‌షిప్ ప్రశ్న, అంటే మీ వర్క్ వీసాకి కంపెనీ పిటిషన్ వేయాల్సి ఉంటుందా అనేది, వస్తే తడబడకండి. ఇంటర్న్‌షిప్ అయితే సీపీటీ మీద చేస్తాననీ, దానికి కంపెనీ వీసా పిటిషన్ ఏదీ వేయనక్కర్లేదనీ చెప్పండి. ఫుల్‌టైమ్ అయితే ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలు, మీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24 నెలలు, ఆ తర్వాత స్పాన్సర్‌షిప్ కావాలి అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ 24 నెలలు దొరకాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగులకి పనిచేసే అనుమతి ఉందో లేదో చూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదై ఉండాలి, అది మీరే కనుక్కోవచ్చు. అప్లికేషన్‌లో "ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ అవసరమా" అని ఉంటే అవును అనే పెట్టాలి. కాదని పెడితే ఆఫర్ వచ్చాక కూడా పోవచ్చు.

బూత్ నుంచి కదిలిన వెంటనే, తర్వాతి లైన్లో చేరకముందే, ఫోన్‌లో రాసుకోండి: ఎవరు, ఏం అన్నారు, ఏం చేయమన్నారు. సాయంత్రానికి అన్నీ కలిసిపోతాయి. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో అప్లై చేసి, మర్నాడు పొద్దున నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి, అందులో మీరిద్దరూ మాట్లాడుకున్న విషయం ఒకటి తప్పకుండా ఉండాలి. పది రోజుల్లో జవాబు రాకపోతే ఇంకొక్కసారి రాయండి, అంతకుమించి వద్దు. జనవరి, ఫిబ్రవరిల్లో చాలాచోట్ల ఇంకో ఫెయిర్ ఉంటుంది. అదే కంపెనీ వస్తే నేరుగా ఆ బూత్‌కే వెళ్లి, సెప్టెంబర్‌లో ఫలానా ఆయనతో మాట్లాడాను, అప్పటి నుంచి ఇది నేర్చుకున్నాను అని మొదలుపెట్టండి.