నిలబడిన నగ్నదేహాన్ని చూసి గీయడం ఎలా?

సామగ్రికి ఒక్క వాక్యం చాలు: డ్రాయింగ్ బోర్డు, క్లిప్పులు, హాఫ్ ఇంపీరియల్ (సుమారు 22×15 అంగుళాల) కాగితం, రెండు చార్కోల్ పుల్లలు, తాళంచెవి కట్టిన బారెడు దారం. రబ్బరు తేకూడదు, ఎందుకంటే చెరిపే అలవాటు పడినవారు చూడటం మానేస్తారు. విశాఖపట్నంలో మోడల్ మరుగు కోసం కిటికీలకు తెల్లగుడ్డ కట్టగానే సముద్రపు గాలి ఆగి, ఉక్కకు అరచేయి తడిసి, బొగ్గు గీతలన్నీ అలుక్కుపోతాయి కనుక ఉదయం ఏడింటికే మొదలుపెట్టి, చేతి కింద వేరే కాగితం ముక్క ఉంచుకోవాలి.

మోడల్ పద్దెనిమిదేళ్లు నిండి, రాతపూర్వకంగా అంగీకరించినవారై ఉండాలి. ఫోన్లు గది బయటే ఉండాలి. భంగిమ సరిచేయాలంటే నోటితో చెప్పాలి తప్ప చేయి వేయకూడదు. ఇరవై నిమిషాలకొకసారి ఐదు నిమిషాల విశ్రాంతి ఇచ్చి, దానికి ముందే పాదాల చుట్టూ సుద్దతో గీత గీసి పెట్టుకోవాలి.

ఇక అసలు చిక్కు. చాలామంది తలతో మొదలుపెట్టి కిందికి దిగుతారు. పాదాల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ నేల మీద నిలబడదు, దండెం మీద ఆరేసినట్టు వేలాడుతుంది. కనుక ముందుగా బరువు ఏ కాలి మీద ఉందో కనిపెట్టాలి. దారాన్ని కంటి ముందు వేలాడదీసి మెడ గుంట మీదుగా చూస్తే, బరువంతా ఒకే కాలి మీద ఉన్నప్పుడు అది ఆ కాలి లోపలి చీలమండ దగ్గరికి దిగుతుంది. మన శిల్పులు బ్రహ్మసూత్రం అన్నది ఇలాంటి నిలువు గీతనే. దేహం దాని నుంచి ఎంత వంగిందన్న దాన్ని బట్టే సమభంగం, ఆభంగం, త్రిభంగం అన్న పేర్లు వచ్చాయి.

బరువు మోసే వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఆ రెండు వాలు గీతలూ మొదటి రెండు నిమిషాల్లోనే కాగితం మీద పడాలి. అలసిన కొద్దీ మోడల్ తుంటి మెల్లగా సర్దుకుంటుంది. మీరు దానితోపాటు గీతలు మారుస్తూ పోతే చివరికి ఏ క్షణానికీ చెందని దేహం మిగులుతుంది. నేను ఒకసారి విశ్రాంతి తర్వాత పాదాలు సుద్దగీతల్లోనే ఉన్నాయి కదా అని ధీమాగా చాలాసేపు గీశాను, తీరా చూస్తే బరువు రెండో కాలికి మారిపోయి ఉంది. పాదాలను కాదు, నడుమును చూడాలి: తుంటి లేచిన వైపు పక్కటెముకలు దగ్గరై చర్మం చిన్న మడత పడుతుంది, అవతలి వైపు అదే చర్మం సాగి నునుపుగా ఉంటుంది.

ఫొటో చూసి గీసేవారికి ఈ మడత ఒక నీడగా మాత్రమే కనిపిస్తుంది. పైగా ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముందున్న తొడ లావెక్కి, వెనకున్న భుజం చిక్కిపోతుంది. దేహం ఏడున్నర తలల పొడవని కొలిచి గడులు గీసే పద్ధతి కూడా నాకు నచ్చదు. కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా బరువు లేకపోతే అది బట్టల దుకాణంలో బొమ్మే. మొహెంజొదారో నర్తకి కంచు ప్రతిమ ఎత్తు 10.5 సెంటీమీటర్లే, పాదాలూ విరిగిపోయాయి, అయినా ఆమె ఏ కాలి మీద ఆనుకుందో ఇట్టే చెప్పగలం. గ్రీకు శిల్పంలో క్రీ.పూ. 480 ప్రాంతపు క్రిటియోస్ బాలుడు ఒక మోకాలు సడలించాకే రాయి ప్రాణం పోసుకుంది.

నీడలు, చేతులు, ముఖం తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. అవి ఓపిక మీద వస్తాయి. దానికి ముందు బొమ్మలో తలనూ మోకాళ్ల కింది భాగాన్నీ అరచేతులతో కప్పి చూడాలి. మొండెం ఒక్కటే బరువున్న కాలిని చెప్పలేకపోతే కొత్త కాగితం తీయాలి. మోడల్ దొరకని వారాల్లో ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం చుట్టూ నిలబడ్డవారిని గీయండి. నిలబడి నిలబడి వారు కాళ్లు మార్చుకుంటూనే ఉంటారు.