కిడ్నీ మార్పిడి తరువాత క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడం ఎలా

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావారికన్నా మొత్తం మీద సుమారు 2 నుంచి 4 రెట్లు ఎక్కువ. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్ వంటి మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. చెడిపోయిన కణాలను ఏరివేసేదీ, క్యాన్సర్‌కు దారితీసే కొన్ని వైరస్‌లను అదుపులో పెట్టేదీ ఆ శక్తే. అయితే ఈ భయంతో ఎవరూ సొంతంగా మందు మానకూడదు, మోతాదు తగ్గించకూడదు. అలా చేస్తే కిడ్నీ దెబ్బతిని మళ్లీ డయాలసిస్‌కు వెళ్లవలసి రావచ్చు. మందు మార్చడం నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) నిర్ణయించవలసిన విషయం.

మీ చేతిలో ఉన్న పని, నెలకొకసారి ఒళ్లంతా చూసుకోవడం. స్నానానికి ముందు మంచి వెలుతురులో చర్మం, పెదవులు, నోటి లోపలి భాగం పరిశీలించి, వీపును ఇంట్లోవారిచేత చూపించుకోండి. మానని పుండు, పెరుగుతున్న గడ్డ, రంగు మారిన మచ్చ, నోట్లో తెల్లని పొర కనబడితే తరువాతి చెకప్ దాకా ఆగవద్దు. మెడ, చంకలు, గజ్జల్లో బిళ్లలు తగులుతున్నాయేమో తడిమి చూడండి. బిళ్లలతో పాటు తగ్గని జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే అది లింఫోమా (లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్) కావచ్చు. ఇది మార్పిడి జరిగిన మొదటి ఏడాదిలోనూ రావచ్చు, చాలా ఏళ్ల తరువాతా రావచ్చు. చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది: పాత కిడ్నీలను సాధారణంగా తీసివేయరు కనుక వాటిలోనూ క్యాన్సర్ రావచ్చు. మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా చెప్పితీరాలి.

చర్మ క్యాన్సర్ తెల్లజాతివారిలోనే ఎక్కువ. అయినా చిత్తూరు వైపు మామిడి తోటల్లో, పొలాల్లో పనిచేసేవారు మిట్టమధ్యాహ్నపు ఎండను తప్పించుకుని, నిండు చేతుల చొక్కా వేసుకుని, తలపాగా చుట్టుకోవడం మంచిది. అజాథయోప్రిన్ వాడేవారికి ఎండ మరింత హాని చేస్తుంది. పొగాకు, గుట్కా, ఖైనీ పూర్తిగా మానాలి. మన ప్రాంతంలో నోటి క్యాన్సర్‌కు అవే ప్రధాన కారణం.

స్త్రీలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎంత తరచుగా చేయించుకోవాలో డాక్టరును తప్పక అడగాలి. సిగ్గుతో దీన్ని వాయిదా వేయడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ముందే కనిపెడితే నయమయ్యే జబ్బు అది. హెపటైటిస్ బి, సి ఉన్నవారు కాలేయ స్కానింగ్ గురించి కూడా అడగాలి.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో గానీ మరోచోట గానీ చూపించుకునేటప్పుడు, ఊళ్లో చిన్న జ్వరానికి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు కూడా, మార్పిడి జరిగిన సంగతి చెప్పి మందుల చీటీ చూపించండి.