మీ చిన్న హెలికాప్టర్ అరకులో గాల్లో నిలుస్తుందా? ముందే లెక్క తేల్చుకోవడం ఎలా

కిట్ తెచ్చి సొంతంగా బిగించుకున్న హెలికాప్టర్ విశాఖలో చక్కగా హోవర్ చేసిందని, అంటే గాల్లో ఒకేచోట నిలిచిందని, అరకు ప్రయాణం పెట్టుకోకండి. రోటర్ (పైన తిరిగే రెక్కలు) తోసేదీ గాలినే, ఇంజన్ పీల్చేదీ గాలినే. కొండ మీద ఆ గాలి పలచన. ఎంత పలచనో ఇంటి దగ్గరే లెక్కగట్టొచ్చు. (విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతుల సంగతి వేరే. విశాఖలో నేవీ వారి విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది కాబట్టి ఇక్కడి ఆకాశంలో అడగకుండా ఎగరడం కుదరదు.)

1. ముందు ఎత్తు రాసుకోండి. అరకు లోయ సుమారు 3,000 అడుగులు. వాతావరణ పీడనం 1013 హెక్టోపాస్కల్స్ కంటే తక్కువుంటే, తగ్గిన ఒక్కోదానికి దాదాపు 30 అడుగులు కలపండి.

2. తర్వాత వేడి. అసలు తంటా ఇక్కడే. ప్రామాణిక లెక్కలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు. వెయ్యి అడుగులకు 2 చొప్పున తగ్గుతుంది. అంటే అరకులో 9 ఉండాలి. మే మధ్యాహ్నం 33 ఉందనుకోండి, తేడా 24. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 2,880. అన్నీ కలిపితే 5,880. మీ యంత్రానికి సంబంధించినంతవరకు అరకు ఎత్తు అదే.

ఇదే లెక్క బీచ్ రోడ్డుకు వేయండి. 35 డిగ్రీల ఎండలో 2,400 అడుగులు వస్తుంది! మన ఉక్కపోత దానికి మరో 500 దాకా కలుపుతుంది, ఎందుకంటే నీటి ఆవిరి పొడిగాలి కంటే తేలిక. జనవరి పొద్దున్న 18 డిగ్రీల్లో అయితే 360 మాత్రమే. కాబట్టి సంక్రాంతికి చేసిన పరీక్షను నమ్ముకుని మే నెలలో బరువెక్కించకండి.

3. ఇప్పుడు ఇంజన్. టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే పరికరం) లేని పిస్టన్ ఇంజన్ 5,880 అడుగుల గాలిలో సుమారు 18 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 150 హార్స్‌పవర్ 123కి దిగుతుంది. అదే సమయంలో పలచటి గాలిని కిందికి తోయడానికి రోటర్ 9 శాతం ఎక్కువ అడుగుతుంది. రాబడి తగ్గి, ఖర్చు పెరిగింది. సైన్యం చీతా హెలికాప్టర్ సియాచిన్‌కు వెళ్తోంది కదా అంటారు కొందరు. దాని టర్బైన్‌ను కింద పూర్తి శక్తితో వాడరు, పైకెళ్లాక ఆ మిగులు అక్కరకొస్తుంది. మన దగ్గర మిగులేదీ?

4. మన చేతిలో ఉన్నది బరువొక్కటే. వేర్వేరు బరువులతో విశాఖలోనే హోవర్ చేసి, ఎంత మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్ ఎంత శక్తి వాడుతోందో చూపే అంకె) పట్టిందో రాసుకోండి. నేలకు దగ్గరగా తక్కువ శక్తితోనే నిలుస్తుంది కాబట్టి అక్కడ వచ్చిన అంకె మోసం చేస్తుంది. రోటర్ వ్యాసానికి మించిన ఎత్తులో హోవర్ చేసినప్పటిదే లెక్కకు తీసుకోండి. పెట్రోలు లీటరుకు ముప్పావు కిలో, కాబట్టి ట్యాంకు తగ్గిస్తే వచ్చేది కొంచెమే. రెండో మనిషిని దింపడమే మందు.

5. కార్బురేటర్ ఉంటే గాలి, పెట్రోలు మిశ్రమం సరిచూసుకోండి, పైన పెట్రోలు పాలు ఎక్కువైపోతుంది. టెయిల్ రోటర్ (తోక దగ్గరి చిన్న రెక్కలు) పట్టు కూడా తగ్గుతుంది. దాన్ని నడిపే పెడల్ చివరిదాకా వెళ్తోందంటే దిగిపోండి.

అరకులో తెల్లవారుజామున 15 డిగ్రీల్లో దిగితే లెక్క 3,720 అడుగులే. తిరుగు ప్రయాణం మధ్యాహ్నమైతే బరువు ఆ మధ్యాహ్నానికే చూసుకోవాలి.