జూలియస్ సీజర్ క్లాసులో బొమ్మలు పనిచేయకపోతే

చెన్నైలో తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెప్తాను. మా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, తమిళం మాట్లాడేవాళ్ళు కలిసే కూర్చుంటారు. షేక్స్‌పియర్ 'జూలియస్ సీజర్' నాటకం దగ్గరికొచ్చేసరికి అందరికీ ఒకటే టెన్షన్. చార్టులు, వీడియో క్లిప్పులు, స్మార్ట్ బోర్డు అన్నీ వాడి, అన్నిట్లోనూ ఒకసారైనా బోల్తా పడ్డాను. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే: బొమ్మ చూశాక పిల్లలు మళ్ళీ పుస్తకం తెరుస్తున్నారా, లేదా?

సమస్య: పరీక్షలో నాటకం బదులు సినిమా రాస్తున్నారు

1953 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా చూపించాను. సీజర్‌ని కుట్రదారులు చంపాక, అతని స్నేహితుడు ఆంటొనీగా మార్లన్ బ్రాండో సీజర్ శవాన్ని చేతుల మీద మోసుకొస్తాడు. సగం క్లాసు జవాబుల్లో అదే రాసింది. పుస్తకంలో ఉన్నది మాత్రం ఆంటొనీ శవంతో వస్తాడనే. ఒక్కడే మోశాడని ఎక్కడా లేదు.

కారణం: పాఠం కంటే ముందు సినిమా చూపించడం, అదీ ఏకబిగిన. తప్పు నాదే.

పరిష్కారం: ముందు సీను చదివించండి. తర్వాత రెండు మూడు నిమిషాల క్లిప్ చాలు. మొదటిసారి సౌండ్ తీసేసి చూపించి, "ఇప్పుడు ఏ లైను నడుస్తోంది?" అని అడగండి. వెతకడానికి పుస్తకం తెరవక తప్పదు. ఆ తర్వాత సౌండ్ పెట్టి, నోటుబుక్కులో రెండు గళ్ళు గీయించండి: పుస్తకంలో ఉన్నది, డైరెక్టర్ కలిపింది.

సమస్య: పాత్రల చార్టు చూసి ఇంకా గందరగోళపడుతున్నారు

కారణం: పేర్లన్నీ ఒకే చార్టులో, నాలుగు రంగుల బాణాలతో. ఒక సాయంత్రమంతా కూర్చుని నేను గీసినది సాలెగూడులా తయారైంది.

పరిష్కారం: క్యారమ్స్ కాయిన్స్. (డబ్బా ఒక్కటే తీసుకెళ్ళాను, బోర్డు బస్సులో ఎవరు మోస్తారు!) రెడ్ సీజర్, తెల్లవి అతనివైపు వాళ్ళు, నల్లవి కుట్రదారులు. నల్లవి తొమ్మిది, కుట్రదారులు ఎనిమిది మంది, కాబట్టి ఒకటి మిగులుతుంది. ఒక్కొక్క దాని మీద పేరు చీటీ అంటించి, టేబుల్ మీద సుద్దతో స్టేజీ గీసి, చదువుతున్న సీనులో ఎవరుంటే వాళ్ళనే పెట్టాలి.

సీజర్ హత్య జరిగే మూడో అంకం మొదటి సీనులో నల్లవన్నీ రెడ్ చుట్టూ చేరాయి. ఆంటొనీ తెల్ల కాయిన్ కూడా అక్కడే ఉంది. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మిస్, ఆంటొనీ పక్కనే ఉండి అడ్డుపడలేదేంటి?" అంది. "నువ్వే వెతుకు" అన్నాను. రెండు నిమిషాల్లో కుట్రదారుల్లో ఒకడైన కాషియస్ మాట దొరికింది: ఇంకో కుట్రదారు ట్రెబోనియస్ ఆంటొనీని పక్కకి తీసుకెళ్తున్నాడు. తనే వచ్చి రెండు కాయిన్స్‌నీ టేబుల్ అంచుకి జరిపింది. ఈ లైను అంతకుముందు ఏ బ్యాచ్‌కీ గుర్తుండేది కాదు.

సీజర్‌కి స్నేహితుడై ఉండి కుట్రలో చేరిన బ్రూటస్‌ది తెలుపా నలుపా అన్న గొడవ తెగలేదు. తెగకపోవడమే మంచిది.

సమస్య: కామిక్ గీయమంటే స్వగతాన్ని మామూలు మాటలా గీస్తున్నారు

రెండో అంకంలో బ్రూటస్ తోటలో ఒంటరిగా ఆలోచిస్తుంటే, పక్కన నలుగురిని నిలబెట్టి వాళ్ళకి చెప్తున్నట్టు గీశారు. మాటకి గుండ్రటి బుడగ, మనసులో అనుకునేదానికి మేఘం అని ముందే చెప్పకపోవడమే కారణం. పద్యనాటకంలో నటుడు జనంవైపు తిరిగి మనసులో మాట చెప్పుకోవడం చూసిన పిల్లలుంటే వాళ్ళచేత ఒకసారి చేయించండి, ఇంక వివరణ అక్కర్లేదు.

సమస్య: ఆంటొనీ వెటకారం ఎక్కడం లేదు

కారణం: సీజర్ శవం దగ్గర ఉపన్యాసంలో ఆంటొనీ కుట్రదారుల్ని పదే పదే 'ఆనరబుల్' (గౌరవనీయులు) అంటాడు. ఆ మాటకి అర్థం డిక్షనరీలో చూసి, ప్రతిసారీ అదే అనుకుంటున్నారు.

పరిష్కారం: ఆ ఉపన్యాసం జెరాక్స్ కాపీలు, నీలం, ఎరుపు స్కెచ్ పెన్నులు. నిజంగా పొగుడుతున్నాడనిపిస్తే నీలం, ఎత్తిపొడుపనిపిస్తే ఎరుపు. ఆ మాట వచ్చిన ప్రతిచోటా రంగు వేయాలి. ఎక్కడ రంగు మారిందో పక్కవాడితో పోల్చుకుంటారు. చివరికి జనంలో ఒకడు 'వాళ్ళు ద్రోహులు' అని, అదే మాటని ఎగతాళిగా తిప్పి కొడతాడు. అది ఎరుపని అందరూ ఒప్పుకున్నారు. మొదటి ఎరుపు ఎక్కడన్న దగ్గరే పీరియడ్ అయిపోయింది.

సమస్య: బొమ్మ వెలవెలబోతోంది, సౌండ్ వినపడటం లేదు

బ్లాక్ అండ్ వైట్ సినిమా, కర్టెన్ లేని కిటికీ, చెన్నై మధ్యాహ్నపు ఎండ. తెరమీద రోమ్ అంతా తెల్లటి పొగే. ఉదయం మొదటి పీరియడ్‌కి మార్చుకోండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే సౌండ్ చాలాసార్లు ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకర్‌కి వెళ్ళిపోతుంది. ల్యాప్‌టాప్‌కి విడిగా స్పీకర్లు పెట్టి, సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ వాటికి మార్చండి. ఇది తెలియక ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి కొత్త కేబుల్ కొనుక్కొచ్చాను. పాతదే బాగుంది.